మీ అమ్మాయి పేరుతో ఇంకెవరైనా చదువుతున్నారేమో!

ఇంట్లో పదో తరగతో, ఇంటరో పాసైన పిల్ల ఉందంటే ఆ రెండు నెలలూ తల్లి కాలు ఇంట్లో నిలవదు. కుల ధ్రువీకరణ పత్రం కోసం ఒకసారి, ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం ఇంకోసారి మీసేవ చుట్టూ తిరగాలి. మార్కుల మెమో, టీసీ, బోనఫైడ్, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు... అన్నిటికీ నాలుగేసి జెరాక్సులు తీయించి ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఎండలో తిరుగుతూనే ఉంటుంది. స్కాలర్‌షిప్ ఫారం నింపడం అయిపోయిందంటే 'అమ్మయ్య' అని ఊపిరి పీల్చుకుంటుంది.

మెళ్లో గొలుసుంటే బస్సులో చేత్తో తడుముకుంటూ ఉంటాం. బీరువా తాళంచెవి ఎక్కడుందో నిద్రలో అడిగినా చెబుతాం. మరి ఆ ప్లాస్టిక్ కవరు సంగతేమిటి? "రేపొచ్చి తీసుకెళ్లండమ్మా" అని నెట్ సెంటర్ కుర్రాడంటే సరేనని అక్కడే వదిలేసి వచ్చేస్తాం. గొలుసు పోతే మెడ బోసిగా కనిపిస్తుంది. పేరు పోతే మాత్రం ఏమీ కనిపించదు. కాగితాలు ఇంట్లోనే ఉంటాయి, పిల్లా ఇంట్లోనే ఉంటుంది. కానీ ఆ పిల్ల పేరు మీద ఎక్కడో ఒక కాలేజీలో ఎవరో చదువుతున్నట్టు, వాళ్లకి ప్రభుత్వం డబ్బు ఇస్తున్నట్టు లెక్కలు నడిచిపోతుంటాయి.

నేనొక డిగ్రీ కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్పుల సెక్షన్ చూస్తున్నాను. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ మధ్య మా దగ్గర ఒకమ్మాయి చేరింది. స్కాలర్‌షిప్ కోసం ఆమె పదో తరగతి హాల్‌టికెట్ నంబరు కొట్టగానే అప్పటికే రిజిస్టరై ఉన్నట్టు వచ్చింది. చూస్తే వేరే జిల్లాలో ఏదో కోర్సులో చేరినట్టుంది. పక్కనే ఉన్న తల్లి బిత్తరపోయింది. "ఇదేం చోద్యం మేడం! ఇంటరయ్యాక మా పిల్ల ఏడాదంతా కుట్టుమిషను ముందే కూర్చుంది. ఏ కాలేజీ గడపా తొక్కలేదు" అంది. గుచ్చిగుచ్చి అడిగితే అప్పుడు గుర్తుకొచ్చింది. అంతకు ముందు సంవత్సరం ఊళ్లోకి ఒకాయన వచ్చాడట. "ఫీజు లేకుండా సీటిప్పిస్తాను, క్లాసులకి కూడా రానక్కర్లేదు" అని మెమో జెరాక్సు, ఆధార్ పట్టుకెళ్లాడట. మళ్లీ కనిపించలేదు. వీళ్లూ మర్చిపోయారు. ఆయన మాత్రం మర్చిపోలేదు.

ఆ అడ్మిషన్ రద్దు చేయించి, సంక్షేమ శాఖ ఆఫీసులో అర్జీలు పెట్టి, ఆ చిక్కు విప్పేసరికి నెలలు పట్టింది. ఈలోగా మొదటి సంవత్సరం ఫీజు కోసం ఆ తల్లి చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. దోచుకున్నది ప్రభుత్వం సొమ్మే కావచ్చు, కానీ ఆ దెబ్బ తగిలింది మాత్రం ఆవిడ చెవులకి.

ఎంత పెద్ద వ్యవహారమో తెలుసా?

ఇదేదో ఒకరిద్దరు చిల్లర దళారుల పని అనుకోకండి. హిమాచల్‌ప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకి చేరాల్సిన స్కాలర్‌షిప్పుల్లో కోట్ల రూపాయల మోసం జరిగిందని 2019 మే నెలలో సీబీఐ కేసు నమోదు చేసింది. కొండల్లో ఉండే స్పితి ప్రాంతపు గిరిజన పిల్లలకి ఏళ్ల తరబడి స్కాలర్‌షిప్ అందడం లేదన్న ఫిర్యాదులతో ఆ తీగ కదిలింది.

2020లో జార్ఖండ్‌లో ఇంకో వింత బయటపడింది. అక్కడ మైనారిటీ పిల్లల స్కాలర్‌షిప్పుల కోసం దళారులు ఊళ్ల మీద పడ్డారు. పేదవాళ్ల ఆధార్, పాస్‌బుక్కులు తీసుకుని, వేలిముద్రలు వేయించుకుని, వచ్చిన దాంట్లో కొంత వాళ్ల చేతిలో పెట్టి మిగతాది తీసేసుకున్నారు. పెద్దవాళ్లని కూడా బడిపిల్లలుగా రాసేశారు. ఇంటి నుంచి బడికెళ్లే పిల్లల్ని హాస్టల్లో ఉన్నట్టు చూపించారు, హాస్టల్ పిల్లలకైతే డబ్బు ఎక్కువొస్తుంది కదా మరి.

ఇక 2023లో కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ అనుమానం వచ్చిన 1572 విద్యాసంస్థల్ని తనిఖీ చేయిస్తే వాటిలో 830 సంస్థల్లో మోసం జరిగినట్టు తేలింది. కొన్ని అసలు నడవనే నడవడం లేదు, అయినా వాటిలో విద్యార్థులున్నారు! 2017-18 నుంచి అయిదేళ్లలో ఆ సంస్థల పేరున పోయిన సొమ్ము 144 కోట్ల రూపాయలకి పైనే. ఆ శాఖ సీబీఐకి ఫిర్యాదు చేసింది, ఆగస్టులో కేసు నమోదైంది.

ఈ మూడింట్లోనూ లేని విద్యార్థుల్ని పుట్టించడానికి ఉన్న మనుషుల పేర్లు కావలసివచ్చాయి. గాల్లోంచి పేరు పుట్టిస్తే కంప్యూటర్ ఒప్పుకోదు. అసలైన ఆధార్, అసలైన మెమో, అసలైన బ్యాంకు ఖాతా కావాలి. అంటే మన ప్లాస్టిక్ కవరే వాళ్లకి పెట్టుబడి.

ఫారంలో ఫోన్ నంబరు ఎవరిది?

ఇన్నేళ్లుగా నేను గమనించిన విషయం ఒకటుంది. దరఖాస్తు తీసి చూస్తే మగపిల్లల ఫారంలో చాలావరకు వాళ్ల సొంత నంబరే ఉంటుంది. ఆడపిల్లల ఫారంలో తండ్రిదో, అన్నదో, పక్కింటి వాళ్లదో ఉంటుంది. కొన్నిసార్లు నెట్ సెంటర్ అబ్బాయిదే ఉంటుంది! అదేమిటమ్మా అని అడిగితే, "ఆడపిల్లకి ఫోనెందుకు మేడం, లేనిపోని గొడవ" అంటారు.

ఆ భయం నాకు అర్థమవుతుంది. నేనూ ఆడపిల్ల తల్లినే. కానీ ఒక్కటి ఆలోచించండి. దరఖాస్తు మొదలుపెడితే ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. పాస్‌వర్డ్ మారిస్తే కబురు ఆ నంబరుకే వెళుతుంది. బ్యాంకులోనూ అదే నంబరిస్తే డబ్బు పడిన సంగతి, తీసిన సంగతి కూడా ఆ నంబరుకే తెలుస్తుంది. అంటే మీ అమ్మాయి పేరు తాళం మీ ఇంట్లో ఉంది, తాళంచెవి మాత్రం ముక్కూమొహం తెలియని మనిషి జేబులో ఉంది. పిల్లకి ఫోనిస్తే చెడిపోతుందేమోనని భయపడే మనం, పిల్ల పేరు మొత్తాన్ని పరాయివాడి ఫోనుకి అప్పగిస్తున్నాం.

ఖరీదైన ఫోను కొనమని నేననడం లేదు. బటన్ల ఫోనైనా చాలు. కాలేజీలో చేరే పిల్లకి ఒక సొంత నంబరు ఉండాలి, అదే నంబరు ఆధార్‌కీ, బ్యాంకుకీ, స్కాలర్‌షిప్ ఫారానికీ ఇవ్వాలి. అంతగా ఇష్టం లేకపోతే మీ నంబరివ్వండి. తల్లి దగ్గరున్న ఫోను కూడా ఇంటి ఫోనే కదా!

డబ్బు ఏ ఖాతాలో పడుతుంది?

ఆధార్ ద్వారా నేరుగా వేసే డబ్బుకి ప్రభుత్వం మీ ఖాతా నంబరు చూడదు. ఆ ఆధార్‌ చిట్టచివరగా ఏ బ్యాంకుకి అనుసంధానమైందో ఆ ఖాతాలోకే డబ్బు వెళుతుంది. ఒక మనిషికి ఎన్ని ఖాతాలున్నా అలా డబ్బు పడేది ఒక్కదాంట్లోనే. ఎవరైనా మాయ చేసి మీ అమ్మాయి ఆధార్‌తో ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి దానికి అనుసంధానం చేశారనుకోండి, మీ చేతిలో పాస్‌బుక్కు అలాగే ఉంటుంది, డబ్బు మాత్రం అటు పోతుంది.

ఇది తెలుసుకోవడం కష్టమేమీ కాదు. 'మై ఆధార్' వెబ్‌సైట్లో ఆధార్ నంబరు, ఓటీపీ ఇచ్చి లోపలికెళితే బ్యాంకు సీడింగ్ స్టేటస్ అని కనిపిస్తుంది. ఏ బ్యాంకు పేరుందో అక్కడ చూపిస్తుంది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో 2021-22 నుంచి కేంద్రం తన 60 శాతం వాటాని నేరుగా విద్యార్థి ఖాతాకి వేసే పద్ధతి పెట్టింది కాబట్టి ఈ సంగతి ఇంకా ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో విద్యా దీవెన డబ్బుని తల్లుల ఖాతాల్లో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ పద్ధతీ మారింది. పథకాలు మారుతుంటాయి, డబ్బు ఒకసారి కాలేజీకి, ఒకసారి పిల్లకి, ఒకసారి తల్లికి వెళుతుంటుంది. ఏ ఏడు ఎవరి ఖాతాలో పడాలో కాలేజీలో అడిగి తెలుసుకోవడం మన పని.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదా?

చేస్తోంది. 2015లో మొదలైన నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో ఇప్పుడు ముందుగా ఓటీఆర్, అంటే ఒకసారి చేసుకుంటే చాలనే రిజిస్ట్రేషన్, తప్పనిసరి. ఆధార్ ఆధారంగా 14 అంకెల నంబరొకటి వస్తుంది. చదువు పూర్తయ్యేదాకా అదే నంబరు. ఫోన్ ముందు మొహం పెట్టి నేనే అని రుజువు చేసుకునే పద్ధతి కూడా వచ్చింది. విద్యార్థులకే కాదు, కాలేజీలో ఆ దరఖాస్తులు పంపే అధికారికీ, సంస్థ పెద్దకీ వేలిముద్రల పరీక్ష పెట్టారు. మన రాష్ట్రాల్లోనూ స్కాలర్‌షిప్పులకి బయోమెట్రిక్ అడుగుతున్నారు.

కానీ మొహం పెట్టేది, వేలు పెట్టేది పిల్లే కదా! "ఇక్కడ వేలు పెట్టమ్మా, అటు చూడమ్మా" అంటే ఎందుకని అడగకుండా పెట్టేస్తే ఏ యంత్రం ఆపగలదు? జార్ఖండ్‌లో జరిగిందదే. అక్కడ వేలిముద్రలు దొంగవి కావు. ఎందుకు వేస్తున్నామో తెలియకుండా వేసినవి.

మనం చేయగలిగినవి

ఫారం నింపేటప్పుడు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టండి. కుదిరితే మీరూ కూర్చోండి. పేరు, పుట్టినతేదీ, కాలేజీ, కోర్సు, ఫోన్ నంబరు, ఖాతా నంబరు... ఈ ఆరూ గట్టిగా చదివించుకోండి. పంపేశాక ప్రింటు తీసుకోకుండా లేవకండి.

పాస్‌వర్డ్‌ని అమ్మాయే కొట్టాలి. పేరు పక్కన 123 అని పెట్టడం, సెంటర్ వాళ్ల రిజిస్టర్లో రాసి రావడం వద్దు. ఇంటికొచ్చి నోటుపుస్తకంలో రాసి దాచుకోండి. తెలంగాణలో డిగ్రీ అడ్మిషన్లకి వాడే దోస్త్ పిన్‌కీ ఇదే సూత్రం. కాలేజీ వాళ్లు మీ తరఫున ఆప్షన్లు పెట్టేస్తామన్నా ఇవ్వకండి.

ఆధార్ జెరాక్సు ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా 'ఫలానా కాలేజీ స్కాలర్‌షిప్ కోసం మాత్రమే' అని తేదీ వేసి సంతకం చేయించండి. మొత్తం నంబరు అవసరం లేని చోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు. దాన్ని మై ఆధార్ వెబ్‌సైట్లోనే తీసుకోవచ్చు. సరిగ్గా రాని జెరాక్సుల్ని సెంటర్ బుట్టలో పడేయకుండా ఇంటికి తెచ్చి చింపేయండి. మన కాగితాలు స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టుకుంటారు కదా, పని అయ్యాక "అవి తీసేయి బాబూ" అని ఎదురుగా తీసేయించండి. ఇందులో మొహమాటం దేనికి?

ఆధార్‌లో వేలిముద్రల్ని తాళం వేసుకునే ఏర్పాటుంది. అవసరమైన రోజు తీసి మళ్లీ వేసుకోవచ్చు. గడచిన ఆరు నెలల్లో మన ఆధార్‌ని ఎప్పుడెప్పుడు వాడారో కూడా అక్కడే కనిపిస్తుంది. నెలకోసారి కరెంటు బిల్లు చూసుకున్నట్టు అదీ చూసుకోవడం అలవాటు చేయండి. పిల్లలకి 15 ఏళ్లు నిండాక వేలిముద్రలు, ఫొటో మళ్లీ ఇవ్వాలన్న సంగతి మర్చిపోకండి. అది చేయించకపోతే తీరా స్కాలర్‌షిప్ వేళకి మన పిల్ల వేలిముద్రే కలవదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, పోల్చుకోనివ్వండి, తిరిగి తెచ్చుకోండి. విద్యాసంస్థలు ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచేసుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

ఇక ఫోన్లు. "మీ అమ్మాయికి స్కాలర్‌షిప్ మంజూరైంది, ఓటీపీ చెప్పండి" అని తియ్యగా మాట్లాడతారు. మీ పిల్ల పేరు, కాలేజీ పేరు కూడా చెబుతారు, కాబట్టి నిజమేననిపిస్తుంది. డబ్బివ్వడానికి ఏ ప్రభుత్వాఫీసూ ఓటీపీ అడగదు. నేషనల్ పోర్టల్లో దరఖాస్తుకి రుసుమంటూ ఏమీ లేదు. ఫైలు కదలాలంటే వెయ్యి కట్టమన్నవాడు ఆఫీసు మనిషి కాడని తెలుసుకోండి.

ఒక్క మాట పిల్లలతో కూడా చెప్పండి. "నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు రెణ్నెల్లు ఇస్తే అయిదు వేలిస్తాం" అని కాలేజీ కుర్రాళ్ల చుట్టూ తిరిగేవాళ్లు ఎక్కువయ్యారు. అలా ఇచ్చిన ఖాతాలోకి ఎవరి స్కాలర్‌షిప్ సొమ్మో, ఎవర్ని మోసం చేసిన సొమ్మో వచ్చి పోతుంది. పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లింటికే. అప్పుడు మా అబ్బాయికేమీ తెలియదంటే ఎవరు నమ్ముతారు?

జరగరానిది జరిగిపోతే

భయపడి ఊరుకోకండి. 'ఆడపిల్ల పేరు స్టేషన్‌కెక్కుతుంది' అని దాచుకుంటే ఆ దొంగకే మేలు చేసినట్టు. డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. ఆధార్ విషయానికి 1947కి ఫోన్ చేయొచ్చు.

తర్వాత కాలేజీ ప్రిన్సిపాల్‌కీ, జిల్లా సంక్షేమ శాఖ అధికారికీ కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా చెప్పి రావద్దు. రాసిన దానికి ఒక నకలు మీద ముద్ర వేయించుకుని దాచుకోండి. మా అమ్మాయి ఫలానా కాలేజీలో ఎప్పుడూ చేరలేదు, ఆ సమయంలో ఇక్కడుంది అని చెప్పడానికి ఏ ఆధారం ఉన్నా జతచేయండి. ఇంకొకరి పాస్‌వర్డ్, గుర్తింపు దొంగతనంగా వాడితే ఐటీ చట్టం 66-సి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. కాబట్టి "ఇది పెద్ద విషయం కాదమ్మా, సర్దుకోండి" అని ఎవరన్నా వినకండి.

ఇంకో రెండు సంగతులు కూడా చూసుకోవాలి. అమ్మాయి పేరు మీద మనకి తెలియని సిమ్ కార్డులేమైనా ఉన్నాయేమో 'సంచార్ సాథీ' వెబ్‌సైట్లో తెలుస్తుంది, మనవి కానివాటి మీద అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. అలాగే పద్దెనిమిదేళ్లు దాటిన పిల్ల పేరు మీద ఎవరైనా అప్పు తీశారేమో క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తుంది. ఏడాదికొకసారి దాన్ని ఉచితంగా ఇవ్వాలని 2017 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. రేపు విద్యారుణం కోసం బ్యాంకుకెళ్లినప్పుడు 'మీ పేరు మీద పాత బాకీ ఉంది' అనిపించుకునే కన్నా ఇవాళ చూసుకోవడం మేలు కదా!

ఇవన్నీ మా వల్ల ఏమవుతాయి, మాకంత చదువు లేదు అంటారేమో. చిట్‌ఫండ్ లెక్కలు, పాలవాడి లెక్కలు, డ్వాక్రా సంఘం పుస్తకాలు పైసాతో సహా చూసే మనకి ఇది చేతకాని పనా? ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల ఉంది. ఆ పిల్లనే అడగండి. "నీ ఫారంలో ఏ నంబరుంది? నీ డబ్బు ఏ బ్యాంకులో పడుతుంది? నీ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?" అని. ఈ మూడు ప్రశ్నలకి తడుముకోకుండా జవాబు చెప్పిందా, మీకు బెంగ లేదు. చెప్పలేదా, ఈ ఆదివారమే ఇద్దరూ కూర్చుని కాగితాలన్నీ ముందేసుకుని చూసుకోండి.